ఫోన్ చేతిలోనే ఉంది, చెయ్యి మాత్రం లేవలేదు అక్కా

ఉత్తరం:

అక్కా, నాకు ఇరవై మూడేళ్ళు. మా ఊరి బస్టాండు దగ్గర ఒక మెడికల్ షాపులో పని చేస్తా. పోయిన వారం సాయంత్రం మా షాపు ఎదురుగా ఒక కారాయన రివర్స్ చేస్తూ మిర్చి బజ్జీల బండిని గుద్దాడు. మూకుట్లో నూనె ఒలికి బండి తాత చేతి మీద పడింది. ఆయన కేకలేస్తే కారాయన దిగొచ్చి సారీ చెప్పటం పోయి చెంప మీద కొట్టాడు, కింద పడేసి తన్నాడు. ముప్పై నలభై మందిమి చూస్తూ నిలబడ్డాం. ఫోన్ నా చేతిలోనే ఉంది, వీడియో తియ్యాలనిపించింది, కానీ చెయ్యి లేవలేదు. నన్ను చూస్తాడేమో, ఫోన్ లాక్కుంటాడేమో, తర్వాత పోలీస్ స్టేషన్ చుట్టూ తిప్పుతారేమో అని భయం. మా అమ్మేమో మనకెందుకే అంటుంది ఎప్పుడూ. తెల్లారేసరికి బజార్లో కథ మారిపోయింది, తాతే తాగి కారుకి అడ్డం పడ్డాడట, కారాయన పాపం మంచోడట. నేను కళ్ళారా చూశా కదా అక్కా, అలా జరగలేదు. నిద్ర పట్టట్లేదు. ఇంకోసారి ఇలాంటిది కళ్ళ ముందు జరిగితే వీడియో తీసే ధైర్యం ఎలా తెచ్చుకోవాలి?

సమాధానం:

చెల్లీ, ముందు ఒకటి చెప్పు, మొన్న వినాయకుడి నిమజ్జనానికి వెళ్ళావా? వెళ్ళే ఉంటావులే. అక్కడ ఫోన్ ఎత్తి పట్టుకోడానికి ఎవరికైనా ధైర్యం కావాల్సొచ్చిందా? చంటిబిడ్డని చంకనేసుకున్న తల్లి దగ్గర్నుంచి బందోబస్తు కానిస్టేబుల్ దాకా అందరి చేతుల్లో ఫోన్లు పైకే ఉంటాయి. జాతరలో తీస్తాం, పెళ్ళిలో తీస్తాం, ఏరు పొంగితే వంతెన మీద నిలబడి మరీ తీస్తాం. కాబట్టి నీకు కెమెరా అంటే భయం లేదు, నలుగురిలో ఫోన్ ఎత్తటమంటే సిగ్గూ లేదు. ఆ సాయంత్రం ఫోన్ ఎత్తటమంటే "నేను ఆ తాత వైపు" అని ముప్పై మంది ముందు చెప్పినట్టే లెక్క, అది కారాయనకి కూడా అర్థమవుతుంది, నీ చెయ్యి లేవంది అందుకే. ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఎవరి వైపు ఉండాలి అనేది గొడవ జరిగే నిమిషంలో తేల్చుకునే విషయం కాదు, ఇంట్లో కూర్చుని తీరిగ్గా ముందే తేల్చుకోవచ్చు. నువ్వు ఈ వారం నిద్ర పట్టకుండా చేస్తున్న పని అదే అనుకుంటున్నా.

ముప్పై నలభై మంది ఉన్నాం, ఒక్కరూ కదల్లేదు అని రాశావు. దానికి ఒక పాత ప్రయోగం ఉంది. 1968లో లటానే, డార్లీ అని ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు ఒక గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి ఏదో ఫారం నింపమని గోడలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్ళలో నూటికి 75 మంది లేచెళ్ళి చెప్పారు. అదే గదిలో పక్కన ఇద్దరు మనుషుల్ని పెట్టి, ఏం జరిగినా పట్టించుకోనట్టు కూర్చోండి అని వాళ్ళకి ముందే చెప్పి పెడితే, లేచి చెప్పినవాళ్ళు నూటికి 10 మందే. మిగతావాళ్ళు దగ్గుకుంటూ, కళ్ళు నలుపుకుంటూ ఫారం నింపుతూనే ఉన్నారు! పక్కోడు కదలట్లేదంటే ఏమీ కాలేదేమో అనుకుంటాం, ఆ పక్కోడు మనల్ని చూసి అదే అనుకుంటాడు. మీ బస్టాండు దగ్గర జరిగింది అచ్చంగా ఇదే. అలా అని జనం అంతా రాతిగుండె వాళ్ళని కూడా అనుకోకు, 2019లో ఇంగ్లండ్, నెదర్లాండ్స్, సౌతాఫ్రికాలో వీధి గొడవల సీసీ కెమెరా ఫుటేజీ 219 ఘటనలు కూర్చుని చూస్తే, నూటికి 91 ఘటనల్లో కనీసం ఒక్కరైనా అడ్డం వెళ్ళారని తేలింది. ఆ మొదటి ఒక్కరు కదిలితే చాలు, తర్వాత వచ్చేవాళ్ళు వస్తారు.

ఇప్పుడు నీ భయాల దగ్గరికి వద్దాం.

నన్ను చూస్తాడేమో అన్నావు. చూస్తాడు, చూడడని నేను అబద్ధం చెప్పను. కానీ ఫోన్ మొహం ముందు పెట్టుకుని వాడి ఎదురుగా వెళ్ళి నిలబడమని ఎవరూ అనట్లేదు కదా. నీ షాపు కౌంటర్ వెనకాల నుంచి తియ్యొచ్చు, స్తంభం పక్కన నిలబడి తియ్యొచ్చు, ఆగి ఉన్న ఆటో చాటు నుంచి తియ్యొచ్చు. పది పదిహేను అడుగుల దూరం నుంచి తీసిన వీడియోలోనే మనిషి, బండి, కారు నంబరు అన్నీ కలిసి పడతాయి, దగ్గరికెళ్తే ఒక చొక్కా గుండీ తప్ప ఏం కనపడదు. నేను కొన్నేళ్ళు లోకల్ ఛానల్ డెస్కులో జనం పంపే వీడియోలు చూసే పని చేశా, అందులో పనికొచ్చేవన్నీ దాదాపు దూరం నుంచి తీసినవే.

ఫోన్ లాక్కుంటాడేమో అన్నావు. లాక్కుంటే ఇచ్చెయ్, ఫోన్ కోసం పెనుగులాడకు, దెబ్బలు తినకు. డిలీట్ చెయ్యమని అరిస్తే వాడి ముందే డిలీట్ చేసెయ్, ఐఫోన్ గ్యాలరీలో అయినా గూగుల్ ఫోటోస్‌లో అయినా డిలీట్ చేసింది నెల దాకా ట్రాష్‌లోనే ఉంటుంది, అక్కడ కూడా ఖాళీ చేస్తే తప్ప పోదు. ఇది చాలామందికి తెలీదు, లాక్కునే వాళ్ళకి అస్సలు గుర్తుండదు. ఆటో బ్యాకప్ ఆన్‌లో పెట్టుకున్నావంటే ఇంకా మంచిది.

పోలీస్ స్టేషన్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే మన ఊళ్ళలో అసలు భయం కొట్టేవాడి గురించి కాదు, తర్వాత "రామ్మా, ఒకసారి స్టేషన్‌కి" అనే మాట గురించి. ఇది విను. సాక్షిగా ఒక ఆడమనిషిని విచారించాలంటే పోలీసులు ఆమె ఉండే చోటికే రావాలి, స్టేషన్‌కి రమ్మని బలవంతం చెయ్యకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 160వ సెక్షన్, ఇప్పుడు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో 179వ సెక్షన్. అరవై దాటినవాళ్ళకి, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి కూడా ఇదే వర్తిస్తుంది. విచారణలో నువ్వు చెప్పింది రాసుకుంటారు, దాని మీద నీ సంతకం తీసుకోకూడదు, అది కూడా చట్టంలోనే ఉంది. ఇదంతా ఎస్సై ముందు లాయర్‌లా అప్పజెప్పమని కాదు, "సార్ నేను ఇంటి దగ్గరే ఉంటా, మీరు వచ్చి రాసుకోండి" అని నెమ్మదిగా చెప్పటానికి.

ఇంకోటి, రోడ్డు యాక్సిడెంట్ అయినప్పుడు గాయపడినవాళ్ళకి సాయం చేసిన మనిషిని కేసుల్లో ఇరికించకూడదని, పేరు చెప్పమని కూడా బలవంతం చెయ్యకూడదని 2016లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టంలోకి 134ఏ అని ఒక సెక్షన్ వచ్చింది. గమనించు, అది సాయం చేసినవాళ్ళకి. ఊరికే ఫోన్ పట్టుకుని నిలబడ్డవాళ్ళ గురించి అందులో లేదు.

అసలు పబ్లిక్‌లో వీడియో తియ్యటం నేరమా అంటే, రోడ్డు మీద అందరి ముందూ జరిగేదాన్ని తియ్యకూడదనే చట్టం ఏదీ లేదు. మిలిటరీ స్థలాలు, కోర్టు హాళ్ళు లాంటివి వేరు. పోలీస్ స్టేషన్‌లో వీడియో తీశాడని ఒకాయన మీద అధికార రహస్యాల చట్టం కింద కేసు పెడితే, స్టేషన్ ఆ చట్టం చెప్పే నిషిద్ధ స్థలాల్లోకి రాదని 2022లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి ఆ కేసు కొట్టేసింది. డ్యూటీలో ఉన్న పోలీసుని తియ్యటం కూడా నేరం కాదు, కానీ వాళ్ళ చేతికి కాలికి అడ్డం పడితే మాత్రం విధులకి ఆటంకం అని కేసు రాసెయ్యటం చాలా తేలిక, అందుకే దూరం దూరం అని పోరు పెడుతున్నా. చట్టం కాగితం మీద ఒకటి, రోడ్డు మీద ఇంకోటి అని నాకు తెలీక కాదు. 2021లో హైదరాబాద్‌లో గంజాయి పేరుతో పోలీసులు బండ్లు ఆపి కుర్రాళ్ళ ఫోన్లలో చాట్లు వెతికారు, అది పెద్ద గొడవైంది. ఆ గొడవ ఎలా అయిందో చెప్పనా, వాళ్ళు అలా వెతుకుతున్న వీడియో బయటికి రావటం వల్లే.

సరే, చెయ్యి ఎలా లేస్తుంది? అలవాటుతో. ఆ నిమిషంలో గుండె దడదడలాడుతుంటే లాక్ తీసి, ప్యాటర్న్ గీసి, కెమెరా వెతికి, ఫోటో నుంచి వీడియోకి మార్చి... ఈలోపు తన్నటం అయిపోతుంది, కారు వెళ్ళిపోతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ టకటకా రెండుసార్లు నొక్కితే లాక్ తియ్యకుండానే కెమెరా తెరుచుకుంటుంది, సెట్టింగ్స్‌లో చూసి ఆన్ చేసుకో. ఐఫోన్ అయితే లాక్ స్క్రీన్‌ని ఎడమకి జరిపితే చాలు. ఫోటో మోడ్‌లో తెరుచుకుంటే షట్టర్ బటన్‌ని వేలితో అలాగే నొక్కి పట్టుకో, చాలా ఫోన్లలో వీడియో మొదలైపోతుంది. నీ ఫోన్‌లో అవుతుందో లేదో ఇవాళే చూడు. తర్వాత రోజూ ఏదో ఒకటి తీస్తూ ఉండు, షాపు ముందు ఆగిన బస్సు, వానకి నిండిన గుంట, కొట్టేస్తున్న చెట్టు, ఏదైనా. తీసి డిలీట్ చేసెయ్, దాచుకోనక్కర్లేదు. చెయ్యి ఆలోచించకుండా జేబులోంచి రావాలి, అంతే కావాల్సింది. ఈ మాట చెప్తే మా చెల్లెళ్ళు నవ్వుతారు గానీ, నీళ్ళలోకి దూకే ముందు ఈత నేర్చుకోవటమే ఇది.

తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకో, మోచేతులు డొక్కలకి ఆనించు, వణుకు సగం తగ్గుతుంది. జూమ్ చెయ్యకు. అటు తిప్పి ఇటు తిప్పి ఊపెయ్యకు, ఒక చోట పెట్టి మనసులో పది లెక్కపెట్టాకే కదుపు. మేము డెస్కులో పక్కన పడేసిన వీడియోల్లో ఎక్కువ భాగం ఈ ఊపుడు వల్లే పడేశాం, తీసినవాళ్ళకి ఎంత ధైర్యం ఉండి తీశారో పాపం, ఏం లాభం. ఒక్కసారి ఏదైనా షాపు బోర్డు, బస్టాండు పేరు, కారు నంబరు ఫ్రేములోకి రానివ్వు. నువ్వు మాట్లాడకు, ముఖ్యంగా "అయ్యో అయ్యో" అని, "చూడండి ఫ్రెండ్స్" అని అసలు వద్దు, ఎందుకంటే అక్కడ వాళ్ళు ఏమంటున్నారనేది వినపడాలి. భయమేసి ఫోన్ కిందకి దించాల్సొస్తే దించు, రికార్డింగ్ మాత్రం ఆపకు, బొమ్మ పోయినా మాటలు దొరుకుతాయి.

అన్నిటికంటే పనిచేసేది ఇంకోటి ఉంది, పక్కన ఒక మనిషి. అమెరికా ప్రెసిడెంటు కెన్నెడీని కాల్చిన వీడియో తీసింది ఎవరో తెలుసా, అబ్రహాం జాప్రూడర్ అని డల్లాస్‌లో ఆడవాళ్ళ బట్టలు కుట్టించే వ్యాపారి. 1963 నవంబర్ 22న ప్రెసిడెంటు ఊరేగింపు వస్తుంటే, అసలు ఆయన ఆ రోజు కెమెరా ఇంట్లోనే వదిలేసి ఆఫీసుకి వచ్చాడు, ఆఫీసులో వాళ్ళు పోరు పెడితే వెనక్కెళ్ళి తెచ్చుకున్నాడు. బాగా కనపడుతుందని ఒక కాంక్రీటు దిమ్మె ఎక్కాడు గానీ ఎత్తు ఎక్కితే కళ్ళు తిరిగే మనిషి. అందుకని ఆయన దగ్గర పనిచేసే మార్లిన్ సిట్జ్‌మన్ అనే అమ్మాయి వెనక నిలబడి ఆయన్ని పట్టుకుంది. తుపాకి పేలినా ఆయన చెయ్యి దించలేదు, 26 సెకన్ల పైన ఉన్న ఆ రీలే ఇవాళ్టికీ ప్రపంచమంతా చూస్తోంది. వెనక పట్టుకున్న ఆ అమ్మాయి లేకపోతే ఆయన అంత నిలకడగా తీసేవాడా? నీ షాపులో ఇంకో అమ్మాయో అబ్బాయో ఉండే ఉంటారుగా, ఇవాళే మాట్లాడుకోండి, ఇంకోసారి ఏదైనా జరిగితే నేను తీస్తా నువ్వు నా పక్కన నిలబడు, 112కి నువ్వు చెయ్యి అని. ఎవరూ లేకపోతే పక్కన నిలబడ్డ ఏ పెద్దావిడనో "అత్తా, కాస్త నా పక్కనే ఉండండి" అను, ఉంటారు. ఇందాక చెప్పిన పొగ గదిలాంటి చోట అలా ఒకర్ని పేరు పెట్టో వేలు పెట్టో పిలిస్తేనే మనుషులు కదులుతారు, "ఎవరైనా 108కి ఫోన్ చెయ్యండి" అంటే ఎవరూ చెయ్యరు, "నీలం చొక్కా అన్నా, 108కి నువ్వు చెయ్యి" అంటే చేస్తాడు.

ఆ ఫోన్ కాల్ తర్వాతే వీడియో. ఇందులో నేను రాజీ పడను. 2017 అక్టోబర్‌లో విశాఖపట్నం రైల్వే స్టేషన్ దగ్గర పట్టపగలు ఫుట్‌పాత్ మీద ఒక ఆడమనిషి మీద అత్యాచారం జరిగింది, జనం పక్కనుంచే నడిచి వెళ్ళిపోయారు. ఒక ఆటో డ్రైవరు వీడియో తీసి పోలీసులకి ఇచ్చాడు, దాంతోనే నిందితుడు దొరికాడు. ఆ డ్రైవర్ని మెచ్చుకోవాలా తిట్టాలా అని అప్పుడు చాలా వాదనలు జరిగాయి. నా మాట అడిగితే, వెళ్ళిపోయినవాళ్ళ కంటే అతను వెయ్యి రెట్లు మేలు, కానీ నలుగురు కలిసి ఒక్క కేక పెట్టి ఉంటే ఆ వీడియో అవసరమే ఉండేది కాదు. నీ ఒక్కదానివల్ల ఆపటం కానప్పుడు, సాయానికి కబురు పెట్టేశాక, అప్పుడు కెమెరా.

ఇక ఏది తియ్యకూడదు అనేది కూడా ధైర్యంలో భాగమే. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు మొదలయ్యాక సీటు కోసం జుట్లు పట్టుకున్న వీడియోలు ఎన్ని తిరిగాయో చూశావుగా, మీమ్ పేజీలన్నీ వాటితోనే బతికాయి. పొద్దున్నే లేచి, వండి, పిల్లల్ని స్కూలుకి పంపి, కిక్కిరిసిన బస్సులో నిలబడి విసిగిపోయిన ఒక కూలి మనిషిని ఊరందరి ముందూ నవ్వులపాలు చెయ్యటానికి ఏం ధైర్యం కావాలి? ఆమెకి తిరిగి కొట్టే శక్తి లేదని తెలుసు కాబట్టే తీస్తారు. కేరళ అట్టప్పాడిలో 2018లో మధు అనే గిరిజన యువకుణ్ణి బియ్యం దొంగిలించాడని కట్టేసి కొట్టినవాళ్ళు, కొడుతూ కొడుతూ సెల్ఫీలు దిగారు, ఆ అబ్బాయి చచ్చిపోయాడు, 2023లో 14 మందికి శిక్ష పడింది. కెమెరా పైకి లేచినంత మాత్రాన మంచి వైపు ఉన్నట్టు కాదు. నువ్వు తీసేది ఎవరి కోసం అని నిన్ను నువ్వే అడుగు, దెబ్బలు తింటున్నవాళ్ళ కోసమైతే తియ్యి, నీ స్టేటస్ కోసమైతే జేబులో పెట్టెయ్. లైంగిక దాడికి గురైనవాళ్ళ మొహం గానీ, పేరు గానీ, కేసుల్లో ఉన్న చిన్నపిల్లల గుర్తులు గానీ బయటపెడితే అది నీ మీదే కేసు అవుతుంది, అది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో.

తీశాక ఏం చెయ్యాలి? వెంటనే ఇన్‌స్టాలో పెట్టొద్దు. పెట్టకుండా ఆగటం తియ్యటం కంటే కష్టం, లైకుల యావ అలాంటిది మరి. ఆ వీడియో ముందు దెబ్బ తిన్నవాళ్ళది, వాళ్ళకి గానీ వాళ్ళ ఇంట్లోవాళ్ళకి గానీ చూపించు, ఏం చెయ్యమంటారో అడుగు. అసలు ఫైలు ఎడిట్ చెయ్యకుండా, పాట పెట్టకుండా, పేరు మార్చకుండా ఫోన్‌లో అలాగే ఉంచు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, ఎప్పుడు తీశామనే వివరాలు పోతాయి, అందుకని డాక్యుమెంట్‌గా పంపు. రేపు కోర్టు దాకా వెళ్తే కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ అడుగుతారు, ఈ ఫోన్‌తోనే తీశాం, ఏం మార్చలేదు అని. ఆ కాగితం సంగతి లాయర్లు చూసుకుంటారు, ఫైలుని పాడు చెయ్యకుండా ఉంచటం మాత్రం నీ పని.

బజార్లో కథ మారిపోయింది అన్నావు చూడు, ఆ వాక్యం దగ్గర ఆగిపోయా. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక పోలీసు మెడ మీద మోకాలు పెట్టి నొక్కి జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని చంపినప్పుడు పోలీసులు ముందు ఇచ్చిన ప్రకటనలో మెడ మీద మోకాలు అన్న మాటే లేదు, అరెస్టు చేస్తుంటే ఏదో ఆరోగ్య సమస్య వచ్చి చనిపోయాడన్నట్టు రాశారు. డార్నెల్లా ఫ్రేజియర్ అనే 17 ఏళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ కజిన్‌ని వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్తూ, పది నిమిషాల పాటు ఫోన్ దించకుండా తీసిన వీడియో ఆ ప్రకటనని తలకిందులు చేసింది. మరుసటి ఏడాది ఆ పోలీసుకి శిక్ష పడింది, ఆ అమ్మాయికి అమెరికాలో జర్నలిజానికి పెద్ద అవార్డు అయిన పులిట్జర్ వాళ్ళు ప్రత్యేక గౌరవం ఇచ్చారు. కానీ అదే అమ్మాయి కోర్టులో ఏం చెప్పిందో తెలుసా? ఇంకా ఏదో చెయ్యలేకపోయానే అని ఎన్నో రాత్రులు నిద్రపోకుండా ఫ్లాయిడ్‌కి క్షమాపణలు చెప్పుకున్నానని. నువ్వు తియ్యలేదని నిద్ర పోవట్లేదు, ఆ అమ్మాయి తీసి కూడా నిద్రపోలేదు. కాబట్టి వీడియో తీసుంటే హాయిగా ఉండేదాన్ని అనుకోకు. 2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో విమానం కూలినప్పుడు మేడ మీద నుంచి తీసిన పిల్లాడు కూడా అంతే, సరదాగా విమానం తీద్దామని ఫోన్ ఎత్తాడు, ఏం చూడాల్సొచ్చిందో! పోలీసులు సాక్షిగా మాట్లాడటానికి పిలిస్తే అరెస్టు చేశారని పుకారు పుట్టింది, కాదని వాళ్ళే చెప్పుకోవాల్సొచ్చింది. అలాంటిది తీశాక పదేపదే వేసుకుని చూడకు, ఎవరితో అయినా మాట్లాడు, ఒంటరిగా మొయ్యకు.

మీ అమ్మ మాటకి అడ్డం చెప్పను. ఆడపిల్లని బజార్లో ఉద్యోగానికి పంపిన తల్లికి ఉండే భయం అది, ఆ భయంలో తప్పేం లేదు. ఆమెతో "నేను గొడవలోకి వెళ్ళనమ్మా, షాపులోంచి కదలను, తీసి ఊరుకుంటా" అని చెప్పి చూడు, అలాగే ఆ తాత మన తాతే అయితే ఎవరైనా తీసుంటే బాగుండేదా అని అడుగు. మా అమ్మలు ఈ రెండో ప్రశ్నకి ఎప్పుడూ సూటిగా జవాబు చెప్పరు, కానీ ఆ తర్వాత మనకెందుకే అనటం కొంచెం తగ్గిస్తారు.

ఇంతా రాశాక అసలు మాట. నువ్వు ఇంకోసారి గురించి అడిగావు గానీ, ఈసారిదే ఇంకా అయిపోలేదు చెల్లీ! వీడియో లేకపోతే సాక్ష్యం లేనట్టు కాదు, కళ్ళారా చూసిన మనిషి మాట కూడా సాక్ష్యమే, ఫోన్లు లేనప్పుడు కేసులన్నీ దాంతోనే నడిచాయి. ఆ తాత దగ్గరికెళ్ళి, బజ్జీలు కొనే వంకతో అయినా సరే, నేను చూశా తాతా, ఎవరైనా అడిగితే చెప్తా అను. చేతికి కాలినప్పుడు ప్రభుత్వాసుపత్రిలో చూపించుకున్నాడా అడుగు, కొట్టారని చెప్పి ఉంటే అక్కడ ఎమ్మెల్సీ అని, అంటే మెడికో లీగల్ కేసు అని రాసి ఉంటారు, అది పెద్ద ఆధారం. కేసు పెట్టాలా, పెద్దమనుషుల్లో ఖర్చులు ఇప్పించుకోవాలా అనేది ఆయన ఇష్టం, నువ్వు నెట్టకు. లాయరుకి డబ్బుల్లేవంటే 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు ఉచితంగా సాయం చేస్తారని చెప్పు.

నీ షాపుకి సీసీ కెమెరా ఉందా? ఉంటే అది రోడ్డు వైపు కొంచెమైనా చూస్తుందా? మీది కాకపోతే పక్కన సెల్ షాపుదో, ఎదురుగా ఏటీఎందో, బేకరీదో చూస్తుంది. కెమెరా రికార్డు దాచుకునే డబ్బా, అదే డీవీఆర్, అందులో రికార్డు ఎప్పటికీ ఉండదు, డిస్కు నిండగానే పాతది చెరిపేసి కొత్తది రాసుకుంటూ పోతుంది, కొన్ని షాపుల్లో వారానికే పోతుంది, కొన్నిట్లో నెల ఉంటుంది, అంటే నువ్వు ఈ ఉత్తరం రాసి నా జవాబు కోసం చూసినన్ని రోజులూ అది చెరిగిపోతూనే ఉంది. కాబట్టి ఇది చదవగానే మీ ఓనర్ని అడుగు. దొంగతనంగా కాపీ చెయ్యకు, ఉద్యోగం పోతుంది. ఆయన ఒప్పుకోకపోతే వాదించకుండా తాతకి చెప్పు, ఫలానా షాపు కెమెరాలో పడి ఉండొచ్చు, పాతది చెరిగిపోకుండా ఆపించండి అని ఫిర్యాదులో ఒక లైను రాయిస్తే పోలీసులు నోటీసు ఇచ్చి తెప్పించుకోవచ్చు. ఒప్పుకుంటే పాస్‌వర్డ్ ఆయనకి గుర్తుండదు, కెమెరాలు బిగించిన కుర్రాడి దగ్గర ఉంటుంది, అతన్ని పిలవండి. కారు రివర్స్ చెయ్యటానికి పది నిమిషాల ముందు నుంచి కాపీ తియ్యమను, తాత తాగి ఉన్నాడో, బుద్ధిగా బజ్జీలు వేసుకుంటున్నాడో ఆ పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. డీవీఆర్‌లో గడియారం తప్పుగా తిరుగుతుంటే సరిచెయ్యకండి, నీ ఫోన్‌లో టైముకీ దానికీ ఎంత తేడా ఉందో ఒక కాగితం మీద రాసి పెన్‌డ్రైవ్‌తో పాటు పెట్టు.